రక్తం ఆగిన మెదడులో కొవ్వు ఏమవుతుంది?

పక్షవాతం వచ్చిన మనిషిని నెల్లూరు నుంచో సూళ్లూరుపేట నుంచో చెన్నై తీసుకొచ్చిన కుటుంబాలు ఐసీయూ బయట కూర్చుని ఎక్కువగా మాట్లాడుకునేది నూనె గురించే. ‘రోజూ ఇడ్లీలోకి నెయ్యి, సాయంత్రం అయితే బజ్జీలు, చెబితే విన్నాడా’ అంటారు ఒకరు. ‘మొన్ననే టెస్టులు చేయించాం, కొలెస్ట్రాల్ నార్మల్ అన్నారు, మరి ఎందుకొచ్చినట్టు’ అంటారు ఇంకొకరు. డిశ్చార్జి రోజున డాక్టరును అడిగే మొదటి ప్రశ్న కూడా చాలాసార్లు అదే. ఇకమీదట నూనె మానేస్తే సరిపోతుందా అని.

ఈ మాటల్లో కొవ్వు ఒక్కటే. పక్షవాతంలో మాత్రం రెండు కొవ్వులున్నాయి. ఒకటి రక్తంలో తిరిగే కొవ్వు. ఏళ్ల తరబడి రక్తనాళాల లోపలి పొరలో పేరుకుని దారిని ఇరుకు చేసేది అది. రెండోది మెదడు కట్టుబడిలోనే ఉన్న కొవ్వు. రక్తం ఆగిన నిమిషం నుంచే విరిగిపోవడం మొదలుపెట్టేది ఇదే. మొదటిదాని గురించి ల్యాబ్ రిపోర్టులో నాలుగైదు అంకెలుంటాయి, ఇంటిల్లిపాదికీ అవి కంఠతా వచ్చు. రెండోదాని గురించి ఏ రిపోర్టూ చెప్పదు. దెబ్బ తిన్న భాగంలో ఎంత మిగులుతుందో, ఎంత పోతుందో తేల్చడంలో మాత్రం దాని వాటా చాలా పెద్దది.

ముందు రక్తంలోని కొవ్వు సంగతి చూద్దాం, అది త్వరగా తేలిపోతుంది. మెదడుకు రక్తం ఆగడానికి కారణం ప్రతిసారీ కొలెస్ట్రాలే కానక్కర్లేదు. మెడలోని పెద్ద ధమనిలోనో, మనలాంటి ఆసియా దేశాల వాళ్లలో ఎక్కువగా కనబడేట్టు పుర్రె లోపలి ధమనుల్లోనో కొవ్వు పేరుకుని, దాని మీద గడ్డ కట్టడం ఒక దారి. గుండె లయ తప్పి, గుండె గదిలో కట్టిన గడ్డ పైకి కొట్టుకురావడం ఇంకో దారి. బీపీ, షుగర్ అదుపులో లేక వెంట్రుకంత సన్నని లోపలి నాళాలు గట్టిపడి మూసుకుపోవడం మూడో దారి. కొలెస్ట్రాల్ నార్మల్ ఉన్న మనిషికి పక్షవాతం ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ రెండో, మూడో దారుల్లోనే దొరుకుతుంది. అలాగని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు అనవసరమని కాదు. 2006లో వెలువడిన స్పార్కల్ అనే పెద్ద పరీక్షలో 4,731 మందికి అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములో ఉత్తి మాత్రో ఇచ్చి చూస్తే, మాత్ర వాడినవాళ్లలో మళ్లీ పక్షవాతం రావడం తగ్గింది. రక్తస్రావం వల్ల వచ్చే రకం మాత్రం కొద్దిగా పెరిగింది. మొత్తం మీద లాభమే ఎక్కువ.

ఈ మాత్రల గురించి వాట్సాప్‌లో తిరిగే భయం ఒకటుంది, మెదడుకు కావాల్సిన కొలెస్ట్రాల్‌ని ఎండబెట్టేస్తాయని. ఒంట్లోని మొత్తం కొలెస్ట్రాల్‌లో ఐదో వంతుకు పైగా మెదడులోనే ఉంటుందన్నది నిజమే. కానీ అందులో దాదాపు ప్రతి చుక్కా మెదడు తనకు తానే తయారు చేసుకున్నది. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్ కణాలు రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుకట్ట దాటి లోపలికి పోవు. లోపల తయారైనది కూడా అంత తేలిగ్గా కదలదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అంటే నెయ్యి తిన్నంత మాత్రాన మెదడులో కొవ్వు పెరగదు, మానేసినంత మాత్రాన తరగదు. రెండు ఖాతాలూ వేరు.

ఇక అసలు విషయం. మెదడులో నీటిని తీసేసి తూస్తే, మిగిలిన బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థాలే. అయితే పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు లాంటిది కాదు ఇది. దాచుకున్న సరుకు కాదు, కట్టడమే అది. ప్రతి నరకణం చుట్టూ ఉండే పొర, ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు పోయే చోటు, నరాల తీగలకు చుట్టి ఉండే మైలిన్ తొడుగు, అన్నీ దీంతో కట్టినవే. మైలిన్‌లో అయితే నీరు తీసేశాక నూటికి 70 పాళ్లకు పైనే కొవ్వు. కణపొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్ అణువు ప్రతిదానికీ రెండు కొవ్వు ఆమ్లపు తోకలుంటాయి. మెదడు ఆ తోకల్లో చాలావాటికి ప్రత్యేకమైన సరుకు వాడుతుంది. నాలుగు ద్విబంధాలు, అంటే కార్బన్ల మధ్య జంట బంధాలు, ఉన్న అరాకిడోనిక్ ఆమ్లం, ఆరు ద్విబంధాలున్న డీహెచ్ఏ అనే ఒమేగా–3 కొవ్వు ఆమ్లం. ద్విబంధాలు ఎక్కువైన కొద్దీ పొర మెత్తగా, కదలికకు వీలుగా ఉంటుంది. నరకణాలు అంత వేగంగా పనిచేయడానికి ఆ మెత్తదనం కావాలి. అదే మెత్తదనం ఆక్సిజన్ తాకిడికి తొందరగా పాడయ్యే గుణాన్ని కూడా వెంట తెస్తుంది. ఈ చిక్కు దగ్గరకు మళ్లీ వస్తాం.

ఇంత కొవ్వు ఉన్నా మెదడు దాన్ని కాల్చుకుని బతకలేదు. గుండెకు కొవ్వు ఆమ్లాలే ముఖ్యమైన ఇంధనం, కండరానికీ అవి పనికొస్తాయి. మెదడుకు మాత్రం గ్లూకోజ్ కావాలి. వారాల తరబడి ఉపవాసం ఉంటే కాలేయం కొవ్వు నుంచి తయారు చేసిన కీటోన్లతో సర్దుకుంటుంది కానీ, కొవ్వు ఆమ్లాలను నేరుగా వాడుకోవడం చాలా తక్కువ. కొవ్వు నుంచి శక్తి తీయడానికి గ్లూకోజ్ కన్నా ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, ఆ పని మెల్లగా సాగుతుంది, పైగా హానికరమైన ఆక్సిజన్ శకలాలు పుడతాయి. ఏదెలా ఉన్నా రక్తం ఆగిపోయినప్పుడు ఒంటి నిండా కొవ్వున్నా మెదడుకు అది అక్కరకు రాదు. గ్లూకోజ్‌ను దాచుకునే రూపమైన గ్లైకోజన్ నిల్వ కూడా అతి స్వల్పం. శరీరం బరువులో నూటికి రెండు పాళ్లుండే ఈ అవయవం శరీరం వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు వాడుతుంది, అదీ అప్పటికప్పుడు వచ్చినదాన్ని అప్పటికప్పుడు.

1943లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువకుల మెడకు గాలి పట్టీ బిగించి మెదడుకు రక్తం ఆపి చూశారు. సగటున ఏడు సెకన్లలోపే స్పృహ తప్పింది. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోని ప్రయోగం. వెంటనే పట్టీ వదిలేశారు కాబట్టి వాళ్లు లేచి కూర్చున్నారు. వదలకపోతే ఏమయ్యేదో జంతువుల మీద చేసిన ప్రయోగాలు చెబుతాయి. మొదట ఫాస్ఫోక్రియాటిన్ అనే అత్యవసర నిల్వ నిమిషంలోపే ఖాళీ అవుతుంది. ఆ వెంటనే ఏటీపీ, అంటే కణంలో ప్రతి పనికీ ఖర్చయ్యే శక్తి అణువు, అడుగంటుతుంది.

ఈ రెండు పేర్ల దగ్గర తెలుగువాళ్లు కాసేపు ఆగొచ్చు. చెన్నై సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్న భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపెట్టింది 1927లో. ఆ వెంటనే ఏటీపీని కండరంలో గుర్తించినవాళ్లలోనూ ఆయన ఉన్నారు. అంతకు ముందే 1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్‌ను నీలి రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆ పద్ధతికి కొవ్వు కథలోనూ చోటుంది. మెదడు ముక్కలోంచి క్లోరోఫాం, మిథనాల్‌తో కొవ్వు లాగి, దాన్ని ఆమ్లంలో మరిగించి, వెలువడిన ఫాస్ఫేట్‌కు రంగు కలిపి చూస్తే ఎంత ఫాస్ఫోలిపిడ్ ఉందో తెలుస్తుంది. ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపమొచ్చి ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చిన మనిషి పేరు, ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా దశాబ్దాల పాటు దేశదేశాల ప్రయోగశాలల్లో నలిగింది.

ఏటీపీ పోయాక కొవ్వుకు ఏమవుతుందో మొదట స్పష్టంగా చూపించింది అర్జెంటీనాకు చెందిన నికొలస్ బజాన్, 1970లో. మామూలు మెదడులో దేనికీ అతుక్కోకుండా విడిగా తిరిగే కొవ్వు ఆమ్లాలు లేశమాత్రంగానే ఉంటాయి. ఎలుక మెదడుకు రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లో అవి అమాంతం పెరిగిపోవడం ఆయన గమనించారు. అన్నీ సమానంగా కాదు. అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా ఎక్కువగా బయటపడినవి అరాకిడోనిక్ ఆమ్లం, డీహెచ్ఏ. మెదడు ఏరికోరి పొరల్లో పెట్టుకున్న సరుకే మొదట ఊడిపోయింది.

ఈ కొలత ఎంత కష్టమో ఒక చిన్న విషయంతో తెలుస్తుంది. ఎలుకను చంపి, పుర్రె తెరిచి, మెదడు తీసి ద్రవ నత్రజనిలో వేసేలోపు గడిచే సమయం కూడా రక్తం ఆగిన సమయమే. ఆ కొద్దిసేపట్లోనే కొవ్వు ఆమ్లాలు పెరిగిపోతాయి. అంటే మామూలు మెదడులో ఎంత ఉందో కొలవబోతే దెబ్బతిన్న మెదడు లెక్క వస్తుంది. అందుకని శాస్త్రవేత్తలు ఎలుక తల మీదకు శక్తిమంతమైన మైక్రోవేవ్ కిరణాలను గురిపెట్టి ఒకటి రెండు సెకన్లలో మెదడులోని ఎంజైములన్నిటినీ ఉడికించి ఆపేసే యంత్రాలు వాడాల్సి వచ్చింది. వంటింట్లో ఉండే మైక్రోవేవ్ దానికి చాలదు. అలా ఆపి కొలిచాకే మామూలు మెదడులో స్వేచ్ఛగా తిరిగే కొవ్వు ఆమ్లం ఎంత తక్కువో ఖాయమైంది.

కొవ్వు ఆమ్లాలు ఎందుకు ఊడిపోతాయి అంటే, పొరను కత్తిరించే ఎంజైములు రెచ్చిపోవడం వల్ల అని పుస్తకాలు చెబుతాయి. అది సగం జవాబే. కణపొర ఒకసారి కట్టి వదిలేసింది కాదు. మామూలు రోజుల్లో కూడా తోకలు ఊడుతూనే ఉంటాయి, మళ్లీ అతుకుతూనే ఉంటాయి. విలియం లాండ్స్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 1950ల చివర్లో బయటపెట్టిన ఈ చక్రంలో ఊడదీయడానికి శక్తి అక్కర్లేదు, తిరిగి అతకడానికి ఏటీపీ కావాలి. పాత ఇంట్లో రోజూ నాలుగు ఇటుకలు రాలుతుంటే తాపీ మేస్త్రీ సాయంత్రానికి మళ్లీ పేరుస్తున్నంత కాలం ఎవరికీ తెలియదు. మేస్త్రీ రావడం మానేసిన రోజు తెలుస్తుంది. మెదడు వాడే ఏటీపీలో గణనీయమైన వాటా ఈ ఫాస్ఫోలిపిడ్ల మరమ్మతుకే పోతుంది, కొన్ని లెక్కలు ఐదో వంతు దాకా చూపిస్తాయి. ఇది గమనించకపోతే తర్వాత మందుల కథ అర్థం కాదు. కత్తిరించే ఎంజైమును ఆపినంత మాత్రాన అతికే పని మొదలవదు, దానికి రక్తమే రావాలి.

రెండో సగం కాల్షియం. నరకణం లోపల కంటే బయట కాల్షియం దాదాపు పది వేల రెట్లు ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టే పంపులూ ఏటీపీ మీదే నడుస్తాయి. అవి ఆగాక పొటాషియం బయటికి, సోడియం, కాల్షియం లోపలికి వరదలా పారతాయి. పక్క కణాలు కబురు మోసే గ్లూటమేట్ అనే రసాయనాన్ని కక్కేస్తాయి, అది మరిన్ని కాల్షియం ద్వారాలు తెరుస్తుంది. కాల్షియం తగలగానే మేల్కొనే ఎంజైముల్లో ఫాస్ఫోలిపిడ్లను కోసే ఫాస్ఫోలైపేజ్‌లు ముఖ్యమైనవి. మొదటి నిమిషాల్లో ఒక రకం ఫాస్ఫోలైపేజ్ పొరలోని ఇనోసిటాల్ లిపిడ్ల తలలు నరికితే, వెనక వచ్చే లైపేజ్‌లు మిగిలినదాంట్లోంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడిపిస్తాయి. ఆ తర్వాత ఫాస్ఫోలైపేజ్ ఏ2 రంగంలోకి దిగి నేరుగా తోకనే కత్తిరిస్తుంది. ఈ ఎంజైములో ఒక రకం పుట్టుకతోనే లేకుండా చేసిన ఎలుకల మెదడుకు కాసేపు రక్తం ఆపి వదిలితే, చనిపోయిన భాగం మామూలు ఎలుకల్లో కన్నా చిన్నగా ఉందని 1997లో తేలింది. కొవ్వు విరగడం దెబ్బకు గుర్తు మాత్రమే కాదు, దెబ్బలో భాగం కూడా అనడానికి అది గట్టి సాక్ష్యం.

తోక ఊడిన ఫాస్ఫోలిపిడ్ కూడా ఊరికే ఉండదు. సబ్బులాగా పనిచేసి పక్క పొరను కరిగిస్తుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాను చెడగొట్టి ఉన్న కాస్త శక్తి తయారీనీ దెబ్బతీస్తాయి. 1978లో ఎలుక మెదడు పలుచటి ముక్కలను అరాకిడోనిక్ ఆమ్లంలో ఉంచి చూస్తే అవి నీరు పట్టి ఉబ్బాయి. ఐసీయూ డాక్టర్లు ‘మూడు నాలుగు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం’ అనడం వెనక ఉన్నది ఈ వాపే. పెద్ద పక్షవాతంలో మెదడు వాపు సాధారణంగా రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల తారస్థాయికి చేరుతుంది. పుర్రె ఎముక సాగదు కాబట్టి, కొందరికి దానిలో ఒక ముక్క తాత్కాలికంగా తీసి చోటివ్వాల్సి వస్తుంది. అరాకిడోనిక్ ఆమ్లం ఒక్కటే దీనికి కారణం కాదు, కానీ కారణాల్లో ఒకటి.

ఇక్కడే విచిత్రమైన మలుపు ఉంది. విడుదలైన అరాకిడోనిక్ ఆమ్లం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, థ్రాంబాక్సేన్ లాంటి ఘాటు పదార్థాలు తయారు కావాలంటే సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైముకు ఆక్సిజన్ కావాలి. రక్తం పూర్తిగా ఆగిన చోట ఆక్సిజన్ లేదు. కాబట్టి ముడిసరుకు పోగవుతూ ఉంటుంది, ఫ్యాక్టరీ నడవదు. 1979లో జెర్బిల్ అనే చిన్న ఎలుక జాతి జంతువుల మీద చేసిన ప్రయోగంలో ఇది కళ్లకు కట్టింది. మనుషుల మెదడు అడుగున ముందు, వెనక నాళాలను కలిపే వలయం ఉంటుంది, జెర్బిళ్లలో ఆ కలయిక సరిగ్గా ఉండదు. అందుకే మెడ ధమనులు నొక్కితే చాలు, మెదడు ముందు భాగానికి రక్తం పోదు. నొక్కి ఉంచినంతసేపూ ప్రోస్టాగ్లాండిన్లు పెద్దగా పెరగలేదు. వదిలి రక్తం తిరిగి పారనిచ్చిన నిమిషాల్లో అవి ఎన్నో రెట్లు ఎగబాకాయి.

రక్తం తిరిగి రావడమే రెండో దెబ్బకు దారి తీసిందని దీని అర్థం. థ్రాంబాక్సేన్ నాళాలను బిగిస్తుంది, ప్లేట్‌లెట్లను గుంపు కట్టిస్తుంది. పెద్ద నాళం తెరుచుకున్నా సన్న నాళాల్లో ప్రవాహం సరిగ్గా రాని పరిస్థితి కొందరిలో కనబడుతుంది. ఇక మిగిలిన డీహెచ్ఏ, అరాకిడోనిక్ ఆమ్లాల ద్విబంధాల మీద ఆక్సిజన్ శకలాలు నేరుగా పడి గొలుసుకట్టుగా వాటిని చెడగొడతాయి, నూనె కనరు పట్టినట్టే. కణంలో విడిపడిన ఇనుము ఈ గొలుసును ఇంకా ఎగదోస్తుంది. ఇనుము, కనరు పట్టిన కొవ్వు కలిసి కణాన్ని చంపే ఈ తీరుకు ఫెర్రోప్టోసిస్ అని 2012లో పేరు పెట్టారు. ఆపే ఎంజైము ఒకటి కణంలోనే ఉంది, అది సెలీనియం మీద ఆధారపడుతుంది. దెబ్బ పెద్దదైతే దాని శక్తి చాలదు.

అలాగని రక్తం తిరిగి రానివ్వకపోతే మేలా అంటే కానే కాదు. రాకపోతే ఆ భాగం మొత్తం పోతుంది. వస్తే కొంత దెబ్బతో కొంత దక్కుతుంది. ఎంత తొందరగా వస్తే పోగైన ముడిసరుకు అంత తక్కువ, రెండో దెబ్బ అంత చిన్నది. కొవ్వు కోణంలో చూస్తే ఆలస్యానికి రెండుసార్లు మూల్యం చెల్లించాలి. ఆగినంతసేపూ ఒకసారి, తిరిగొచ్చినప్పుడు ఇంకోసారి.

మెదడులో నూరు గ్రాములకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారాలి. 20కి పడిపోతే నరకణాలు మాట్లాడుకోవడం మానేస్తాయి, చెయ్యి పడిపోతుంది, కానీ కణాలు బతికే ఉంటాయి. 10 దగ్గరికి వస్తే పంపులు ఆగి, పైన చెప్పిన కొవ్వు విధ్వంసం పూర్తి స్థాయిలో మొదలవుతుంది. గడ్డ అడ్డుపడిన చోటి నడిమధ్యలో రెండో పరిస్థితి, దాని చుట్టూ ఉన్న అంచులో మొదటి పరిస్థితి. డాక్టర్లు కాపాడాలని చూసేది ఆ అంచునే. అక్కడ కొవ్వు మరమ్మతు కుంటుతూనే అయినా ఇంకా నడుస్తుంటుంది.

పెద్ద నాళం మూసుకుపోయిన సగటు పక్షవాతంలో, వైద్యం అందకపోతే నిమిషానికి 19 లక్షల నరకణాలు, 12 కిలోమీటర్ల పొడవైన మైలిన్ తొడుగు నరాలు పోతాయని 2006లో వేసిన లెక్క ఒకటుంది. నెల్లూరు నుంచి చెన్నైకి జాతీయ రహదారి మీద దాదాపు 175 కిలోమీటర్లు. నాయుడుపేట, తడ, గుమ్మిడిపూండి దాటి రెడ్‌హిల్స్ ట్రాఫిక్‌లోంచి బయటపడేసరికి మూడు గంటలకు పైనే. నరంలో ఎక్కించి గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఇచ్చే గడువు నాలుగున్నర గంటలు. లక్షణాలు మొదలయ్యాక ‘తగ్గుతుందేమో చూద్దాం’ అని ఒక గంట, కారు మాట్లాడుకోవడానికి ఇంకో అరగంట పోతే మిగిలేది ఏమీ ఉండదు. అందుకే సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ దగ్గరలోని ఊళ్లోనే ఉంటే ముందు అక్కడికి వెళ్లి, మొదలుపెట్టించుకుని, తర్వాత చెన్నై బయలుదేరడం మేలు. పెద్ద నాళంలోని గడ్డను తీగతో లాగేసే పద్ధతి కొందరికి ఆలస్యంగా కూడా పనికొస్తుందని 2018లో రెండు పరీక్షలు తేల్చాయి, ఒకటి 16 గంటల దాకా, ఇంకొకటి 24 గంటల దాకా. కానీ అది స్కాన్‌లో కాపాడదగ్గ అంచు ఇంకా కనబడినవాళ్లకే. ‘24 గంటల టైముంది’ అని ఎవరైనా తాపీగా చెబితే నమ్మకూడదు. దారిలో నోట్లో కాఫీయో నీళ్లో పోయడం, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మింగించడం కూడా వద్దు. మింగే శక్తి పోయి ఉండొచ్చు, పైగా స్కాన్ తీసేదాకా అది గడ్డో రక్తస్రావమో తెలియదు.

స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక ఆస్పిరిన్‌కు పనుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన వాళ్లకు మాత్రం సాధారణంగా ఒక రోజు ఆగి మొదలుపెడతారు. ప్లేట్‌లెట్లలోని అరాకిడోనిక్ ఆమ్లం థ్రాంబాక్సేన్‌గా మారకుండా సైక్లోఆక్సిజనేజ్‌ను మూసేస్తుంది ఆస్పిరిన్. ఆ పని ఎలా జరుగుతుందో కనిపెట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు ప్రోస్టాగ్లాండిన్ల మీద పరిశోధనలకు 1982లో నోబెల్‌లో వాటా దక్కింది. మెదడులో విరిగిపోతున్న కొవ్వును ఆస్పిరిన్ ఆపదు. కొత్త గడ్డ కట్టకుండా చూస్తుంది.

వారాల తర్వాత ఆ చోట ఏం మిగులుతుంది? గుండెలో చచ్చిన భాగం గట్టి మచ్చగా మారుతుంది. మెదడులో అలా కాదు, కరిగి నీరై గుంట పడుతుంది. ఇంత కొవ్వుతో, ఇంత తక్కువ నారతో కట్టిన అవయవం కాబట్టి. శిథిలాలను ఎత్తిపోసే భక్షక కణాలు మైలిన్ ముక్కలను మింగి మింగి, లోపల కొవ్వు బిందువులతో ఉబ్బి, సూక్ష్మదర్శినిలో నురుగు ముద్దల్లా కనబడతాయి. అయితే మామూలుగా స్లైడ్ తయారు చేసేటప్పుడు వాడే ఆల్కహాల్, జైలీన్‌లు ఆ కొవ్వునే కడిగేస్తాయి, ఖాళీ బుడగలే మిగులుతాయి. కొవ్వును కొవ్వుగా చూడాలంటే ముక్కను గడ్డకట్టించి కోసి రంగు వేయాలి. మెదడు దెబ్బలో కొవ్వు పాత్ర మీద చూపు ఆలస్యంగా పడడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు, కడిగేసినదాన్ని ఎవరు లెక్కపెడతారు? ఈ శుభ్రం చేసే పనిలో కొలెస్ట్రాల్ అన్నిటికన్నా మొండిది, దాన్ని ఏ కణమూ విరగ్గొట్టలేదు, బయటికి పంపాల్సిందే.

చేపనూనె మాత్రల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డీహెచ్ఏ అంత ముఖ్యమైతే మాత్రలు మింగితే సరి అనిపిస్తుంది. తిన్న డీహెచ్ఏ మెదడులోకి ప్రవేశించే ప్రత్యేక ద్వారం ఒకటి ఉందని 2014లో తేలింది, కానీ అది చాలా నిదానంగా సాగే వ్యవహారం. పెద్దవాళ్ల మెదడులో ఉన్న డీహెచ్ఏ మారడానికి ఏళ్లు పడుతుంది. చెన్నై చేపల రేవు కాశిమేడు నుంచి తెచ్చిన వంజరం పులుసు తినొచ్చు, మంచి తిండే. పక్షవాతం వచ్చిన వారానికి చేపనూనె డబ్బా కొనడం వల్ల ఆ దెబ్బకు ఒరిగేది ఉందని చూపించిన గట్టి పరీక్ష లేదు.

కొవ్వు విరగకుండా ఆపే మందు కోసం ప్రయత్నాలు కొత్తవి కావు. కొవ్వు ఇలా కనరు పట్టడాన్ని ఆపడానికే తయారు చేసిన టిరిలజాడ్ జంతువుల్లో బాగా పనిచేసి మనుషుల్లో విఫలమైంది. ఎన్ఎక్స్‌వై–059 అనే ఇంకో మందు 2006లో మొదటి పరీక్షలో ఆశ పెట్టి, 2007లో అంతకన్నా పెద్ద పరీక్షలో ఏ లాభమూ చూపలేదు. ప్రయోగశాలలో ఎలుకకు నాళం నొక్కిన కొద్ది నిమిషాల్లోనే మందు ఎక్కించవచ్చు. మనిషికి అది అందేసరికి గంటలు గడిచిపోతాయి, నాళం ఇంకా మూసుకునే ఉంటే మందు చేరాల్సిన చోటికి చేరనే చేరదు. ఆక్సిజన్ శకలాలను పట్టేసే ఎడారవోన్ అనే మందు జపాన్‌లో 2001 నుంచి వాడుకలో ఉంది, దాన్ని మన దేశంలో కూడా ఇస్తారు. దానికి డెక్స్‌బోర్నియోల్ అనే పదార్థం కలిపి చైనాలో చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఉత్తి ఎడారవోన్ ఇచ్చినవాళ్లలో నూటికి 59 మంది, కలిపి ఇచ్చినవాళ్లలో 67 మంది మూడు నెలలకు బాగా కోలుకున్నారు. ఆశ కలిగించే అంకెలే, కానీ ఒక్క దేశంలో వచ్చినవి.

సిటికోలిన్ కథ ఇంకాస్త దగ్గరది, ఎందుకంటే పక్షవాతం వచ్చి ఇంటికొచ్చిన వాళ్ల చీటీల్లో అది తరచూ కనబడే పేరు. ఆలోచన చక్కగానే ఉంది. మెదడు పొరల్లో ముఖ్యమైన ఫాస్ఫాటిడిల్‌కోలిన్ తయారు కావడానికి సిటికోలిన్ ముడిసరుకు, కాబట్టి విరిగిన పొరలు మళ్లీ కట్టుకోవడానికి సాయపడాలి. 2012లో వెలువడిన ఇక్టస్ పరీక్షలో జర్మనీ, పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో 2,298 మందికి ఆరు వారాల పాటు రోజుకు 2,000 మిల్లీగ్రాముల సిటికోలిన్ గానీ ఉత్తి మందు గానీ ఇచ్చి చూశారు. రెండు వర్గాల మధ్య తేడా లేదు. ముడిసరుకు లేకపోవడం అసలు సమస్య కాదు కదా, అతికే శక్తి లేకపోవడం సమస్య. ఆ శక్తి తిరిగొచ్చేసరికి పోవాల్సినది పోయింది. హాని పెద్దగా లేని మందే కాబట్టి డాక్టర్లు రాస్తూనే ఉన్నారు, కుటుంబాలు కొంటూనే ఉన్నాయి. చీటీలో ఉన్న మందును సొంతంగా మానేయడం మంచిది కాదు కానీ, తర్వాతి విజిట్‌లో ‘ఇది ఇంకెన్నాళ్లు, నిజంగా అవసరమా’ అని అడగడంలో తప్పు లేదు. డాక్టరు సరేనంటే మిగిలే డబ్బుతో నెలలో ఇంకొన్ని ఫిజియోథెరపీ సెషన్లకు ఆటో ఖర్చయినా వస్తుంది. స్టాటిన్, బీపీ మాత్ర, రక్తం పల్చబరిచే మాత్ర మాత్రం ఆ బేరంలోకి రావు.